కొని తెచ్చుకున్న పొగ

నేను రేపల్లెలో ఒక రైసు మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. ఉండేది తెనాలిలో. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. ఆ ప్రయాణంలో కొందరు పేకాడతారు, కొందరు రాజకీయాలు మాట్లాడతారు, ఎక్కువమంది కిటికీకి తల ఆనించి కునుకు తీస్తారు. నేను మాత్రం కొంతకాలం ఆ రైల్లో కూర్చుని ఫోనులో పొగ చూస్తూ గడిపాను.

అదెలా మొదలైందంటే, మా డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి "నూనె తగ్గించండి" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆవిడ వేపుళ్లు ఆపేసింది. వేపుడు లేని ఆదివారం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నూనె లేకుండా మాంసం రుచిగా వండే దారేమన్నా ఉందా అని వెతుకుతుంటే, ఏదో దేశంలో టోపీ పెట్టుకున్న ఒక లావుపాటి మనిషి కనిపించాడు. పెద్ద ఇనప డ్రమ్ములో బొగ్గులు రాజేసి, మాంసం పెట్టి, మూత మూసి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దున మూసిన మూత సాయంత్రానికి గానీ తీయలేదు. వంటంటే కుర్చీలో కూర్చోవడమని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. అప్పటికి నాకు టీ పెట్టడం ఒక్కటే వచ్చు.

పక్క సీటులో రోజూ వచ్చే పెద్దాయన ఒకరు నా ఫోనులోకి తొంగి చూశారు.

"ఏంటండీ అది, మాడిపోయిందా?"

"లేదండీ, అలాగే ఉండాలంట."

"నల్లగా ఉందిగా!"

"పైన నలుపు. లోపల వెన్నలా ఉంటదంట."

ఆయన కాసేపు ఆలోచించి, "మా ఇంట్లో అలా వండితే గొడవలైపోతాయండి" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

మిల్లులో కందెన ఖాళీ అయిన ఇనప డ్రమ్ములు ఓ మూల పడి ఉంటాయి. ఒకటి అడిగి తీసుకున్నాను. లోపలి జిడ్డు పోయేదాకా గడ్డి, చిదుగులు వేసి మండించాను. పైన రంగు పొరలు పొరలుగా రాలిపోయింది. బూడిదతో తోమాను. తరవాత స్టేషను దగ్గర వెల్డింగు షాపుకి పట్టుకెళ్లాను. ఆ షాపాయన, నేను ఏళ్లుగా ఒకే బడ్డీ దగ్గర టీ తాగుతాం, అందుకని భాయ్, భాయ్ అనుకుంటాం. నేను కాగితం మీద గీసిన బొమ్మ చూసి ఆయన నవ్వాడు.

"పొడుగ్గా మధ్యకి కోసి మడతబందులు పెట్టాలి, అంతే కదా భాయ్. మరి మూతెందుకు? బక్రీదుకి మా ఇంట్లో సీకులు కాలుస్తాం. ఎప్పుడూ మూత పెట్టలేదే. మూతేస్తే నిప్పు చచ్చిపోద్ది."

"అందుకే కింద రెండు కన్నాలు, పైన ఒక గొట్టం. కన్నాలకి జరిగే రేకులు పెట్టాలి. ఎంత తెరిస్తే అంత గాలి, ఎంత గాలికి అంత వేడి."

"ఎవరు చెప్పారు?"

"టోపీ ఆయన."

"ఆయన సీకులు తిన్నాడా ఎప్పుడన్నా?" అన్నాడు గానీ, చెప్పింది చెప్పినట్టు చేశాడు. మాంసం పెట్టే జాలీ దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. ఆయన దగ్గరున్నది జింకు పూత జాలీ. వేడికి ఆ పూత విషపు పొగ వదులుతుందని నేను చదివి ఉన్నాను. చివరికి స్టీలు కడ్డీలు తెప్పించి, వరసగా పేర్చి అతికించాడు. నాలుగు కాళ్లు, చెక్క పిడి కూడా పెట్టాడు. చూడ్డానికి చిన్న ఫిరంగిలా తయారైంది.

దాన్ని సాయంత్రం రైల్లో తెనాలి తీసుకురావడం ఒక పెద్ద ఊరేగింపు. చివరి పెట్టెలో తలుపు పక్కన నిలబెట్టి నేను కాపలా ఉన్నాను. ఎక్కే ప్రతివాళ్లకీ ఒక అనుమానం.

"కుడితి తొట్టాండీ?"

"కాదండీ."

"బాయిలరా? పెళ్లికి నీళ్లు కాచుకునేది?"

"కాదమ్మా, బొగ్గుల మీద కోడి కాల్చుకునేది."

"అంత పెద్ద కోడా!" అందొకావిడ.

ఇంటి దగ్గర ఆటోలోంచి డ్రమ్ము దింపుకుంటుంటే మా అమ్మ వరండాలోంచి లేచి వచ్చింది. నా దగ్గరే ఉంటుంది అమ్మ. డెబ్భై దాటింది. మోకాళ్లు తప్ప మిగతావన్నీ నాకంటే గట్టివి. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, పొగగొట్టంలోకి చూసింది.

"ఏంట్రా ఇది?"

"బార్బెక్యూ అమ్మా. బొగ్గులేసి వండుకునేది."

"మనకి గ్యాస్ అయిపోయిందా?"

"లేదమ్మా, రుచి కోసం. పొగ రుచి వస్తుంది."

అమ్మ నా మొహం వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. చిన్నప్పుడు నేను చెప్పులు పోగొట్టుకుని బడినించి వచ్చిన రోజు అలాగే చూసింది.

"నేను కాపరానికొచ్చిన కొత్తలో ఊక పొయ్యి. తరవాత కట్టెల పొయ్యి. ఊది ఊది నా కళ్లు చింతనిప్పులయ్యేవి. గ్యాస్ బండ వచ్చిన రోజు దానికి పసుపు, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. ఇంట్లోంచి పొగ పోయిందిరా అని వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు నువ్వు డబ్బులిచ్చి మరీ పొగని ఆటోలో ఎక్కించుకొచ్చావా?"

ఆటో అబ్బాయి కూడా నవ్వాడు. నేను డ్రమ్ముని డాబా మీదికి మోసుకుపోయాను.

మొదటి ఆదివారం. బొగ్గులు మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర తెచ్చాను. "ఇస్త్రీపెట్టె కొన్నారా సార్?" అని అడిగాడు. బొగ్గులు అంటుకోవడం అంత తేలిక కాదని ఆ రోజే తెలిసింది. కాగితాలు వేశాను, మండి ఆరిపోయాయి. విసనకర్రతో విసిరాను, బూడిద నా కళ్లలో పడింది. అప్పుడు నా బుర్రకో ఉపాయం తట్టింది. పూజగది లోంచి కర్పూరం డబ్బా తెచ్చి సగానికి పైగా బొగ్గుల మధ్య పోశాను. భలేగా అంటుకుంది. కోడి కాళ్లు కూడా చూడ్డానికి బాగానే కాలాయి. మా ఆవిడ ఒక ముక్క కొరికి ఆగిపోయింది.

"ఏవండీ, కళ్లకద్దుకుని తినాలా?"

నేనూ తిన్నాను. నిజమే, హారతి పళ్లెం నమిలినట్టుంది.

రెండో ఆదివారం కర్పూరం జోలికి పోలేదు. నూనె చుక్కలు వేసిన దూది ఉండలతో అంటించాను. కొత్త ధైర్యంతో బొగ్గులు డ్రమ్ము నిండా పరిచాను. కోడి కొవ్వు కరిగి నిప్పుల మీద పడేసరికి మంటలు నా ఛాతీ దాకా లేచాయి. కనుబొమ్మ ఒకటి కాస్త కమిలింది. ముక్కలు బయట బొగ్గయ్యాయి, లోపల ఎర్రగా నెత్తురు.

"ఇది లోపల ఇంకా కూస్తోందండీ" అంది మా ఆవిడ.

గిన్నె పట్టుకుని కిందికి దిగాను. అమ్మ స్టవ్ వెలిగించి, బాణలి పెట్టి, నల్లటి తోలు గీకేసి ఆ ముక్కల్ని ఉల్లిపాయలతో కూర చేసింది. కూర బ్రహ్మాండంగా ఉంది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ వారమంతా రైల్లో మళ్లీ టోపీ ఆయన పాఠాలు విన్నాను, ఈసారి పరీక్షకు చదివినట్టు. బొగ్గులన్నీ ఒక పక్కకే చేర్చాలి, మాంసం రెండో పక్క పెట్టాలి. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఏదీ పెట్టకూడదు. ముక్కలకి ముందు రోజే ఉప్పు పట్టించాలి. మూత మూశాక తీయకూడదు, తీసినప్పుడల్లా వేడంతా పోయి వంట మళ్లీ మొదటికొస్తుంది. ఈ చివరిదే కష్టం. మన వంటంతా గరిటెతో కలపడమే కదా. చెయ్యి ఊరుకోదు. నేను మాత్రం టోపీ ఆయనలాగే కుర్చీ తెచ్చుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆ ఆదివారం కోడి ఉడికింది. ఎముక నించి మాంసం వేలితో లాగితే వచ్చేసింది. మా ఆవిడ మూడు ముక్కలు తిని, "మెచ్చుకోమంటే తరవాత మెచ్చుకుంటాను, ముందు ఇంకోటి వెయ్యండి" అంది. నేను పొంగిపోయాను. పొంగిన మనిషి ఊరుకోడు. పొగ వాసన ఇంకా పట్టాలని, బాపట్లలో ఉండే మా బావగారి చేత సరుగుడు కొమ్మలు తెప్పించుకున్నాను. అవి పచ్చివి. తరవాతి ఆదివారం వాటిని నిప్పుల మీద పెట్టి మూత వేశాను. గొట్టంలోంచి వచ్చిన పొగని ఇప్పుడు తలుచుకున్నా భయమేస్తుంది. తెల్లగా, దట్టంగా, పత్తి బస్తా విప్పినట్టు వచ్చి మా వీధంతా కప్పేసింది. నేను మూత తీయకూడదన్న నియమం మీద గట్టిగా కూర్చున్నాను.

ఇంతలో మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు. ఎదురింటాయన, ఆయన అల్లుడు, చెరో బకెట్టు.

"తప్పుకోండి తప్పుకోండి!"

"అయ్యో, అది కాదండీ, అది వంటండీ—"

నా మాట పూర్తయ్యేలోపే అల్లుడు మూత లేపాడు, మొదటి బకెట్టు డ్రమ్ములో పడింది. రెండో బకెట్టు నా మీద పడింది. అంతా అయ్యాక ఎదురింటాయన డ్రమ్ములోకి తొంగి, నీళ్లోడుతున్న కోడిని చూసి, చాలా మర్యాదగా, "పులుసు పెట్టుకోవచ్చండి" అన్నారు.

సందు లోపలి ఇళ్లవాళ్లు ఆరేసుకున్న బట్టలు మళ్లీ ఉతుక్కున్నారు. మా ఆవిడ ఇంటింటికీ వెళ్లి సారీ చెప్పి వచ్చింది. నాకు అర్థమైందేమంటే, పొగ ఎక్కువైతే రుచి ఎక్కువ కాదు. దట్టమైన తెల్ల పొగ చేదు. ఉండీ లేనట్టు సన్నగా, కాస్త నీలంగా కనిపించే పొగే రుచి. మరి అలాంటి పొగ ఎక్కణ్ణించి తేవాలి?

అది నా కళ్లముందే ఉంది. మా మిల్లు వెనక ఊక కుప్ప ఉంటుంది. దానికి ఎప్పుడన్నా నిప్పు రవ్వ తగిలితే మంట రాదు. లోలోపలే రాజుకుంటూ, సన్నటి పొగ వదులుతూ రోజుల తరబడి అలాగే ఉంటుంది. రోజూ దాని పక్కనించే నడిచి వెళ్లే నాకు ఒక సాయంత్రం ఉన్నట్టుండి వెలిగింది. ఓ సంచీ నిండా ఊక తెచ్చాను. పాత బిస్కట్ల రేకు డబ్బాకి కన్నాలు పొడిచి, ఊక దట్టించి, ఒక మూల నిప్పు కణిక పెట్టి డ్రమ్ములో ఉంచాను. పొగ దారంలా లేచింది. ఎదురింటాయన డాబా మీది నించి చూసి చెయ్యి ఊపారు. బకెట్టు తేలేదు.

ఆ రోజు కానగంత చేపలు తెచ్చాను. కడిగి, ఉప్పు, పసుపు రాసి, ఫ్యాను కింద ఆరబెట్టాను. పైతోలు చేతికి జిగటగా తగిలేదాకా ఆరాలి, తడి చేపకి పొగ పట్టదు. డ్రమ్ములో చల్లని పక్క వాటిని పెట్టి మూసేశాను. మధ్యాహ్నం దాటాక తీస్తే కొత్త ఇత్తడి బిందె రంగులో ఉన్నాయి.

అప్పుడే అమ్మ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ డాబా ఎక్కి ఏడాది దాటింది. గోడ పట్టుకుని నిలబడి, కాసేపు గాలి పీల్చింది.

"ఊకేనా?"

"ఊకేనమ్మా."

కుర్చీ ఆవిడకి ఇచ్చాను. కూర్చోలేదు.

"మా అమ్మ చీరలకి ఈ వాసనే ఉండేది. ఉతికినా పోయేది కాదు. మా వంటింటికి కిటికీ లేదు. పొద్దున పొయ్యిలో ఊక దట్టించి కూర్చుంటే మళ్లీ అందరి అన్నాలయ్యాకే లేచేది. చివరికి దగ్గు పట్టుకుంది. రేపల్లె ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు ఏమడిగాడో తెలుసా? నువ్వు బీడీలు తాగుతావా అమ్మా అని అడిగాడు."

అంతే చెప్పి, మెల్లగా దిగి వెళ్లిపోయింది. చేపల రుచి చూడలేదు.

ఆ తరవాత కొన్ని వారాలు నేను డ్రమ్ము వెలిగించలేదు. ఎవరూ వద్దనలేదు. నాకే చెయ్యి రాలేదు. అమ్మమ్మ నాకు లీలగా గుర్తు. దగ్గుతూ నవ్వే మనిషి. ఆవిడ వదిలించుకోలేకపోయిన దాన్ని నేను సరదాకి తెచ్చుకున్నానే అనిపించేది. మా ఆవిడ రెండు వారాలు ఊరుకుని, మూడో వారం అమ్మ ముందే అడిగేసింది.

"ఏం అత్తయ్యా, ఈయన డ్రమ్ముని తుప్పు పట్టిస్తున్నారు. మీరేమన్నా అన్నారా?"

"నేనెందుకంటాను?" అని అమ్మ నా వైపు తిరిగింది. "ఒరేయ్, మా అమ్మకి వేరే దారి లేక పొగలో కూర్చుంది. నువ్వు ఆరుబయట, గాల్లో, వారానికోసారి సరదాకి కూర్చుంటున్నావు. అదీ ఇదీ ఒకటేంటి? కాల్చుకో. నన్ను తినమని మాత్రం అడక్కు. నాకా వాసన పడదు."

అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. నేను మళ్లీ కుర్చీ వేసుకున్నాను. ఆదివారాలు గడిచేకొద్దీ చెయ్యి కుదురుకుంది. జాలీకి జానెడు పైన అరచెయ్యి పెట్టి, ఎంతసేపు ఓర్చుకోగలనో చూసి వేడి చెప్పడం వచ్చింది. వంకాయలు, చిలగడదుంపలు, మొక్కజొన్న కంకులు కూడా కాల్చాను. ఎదురింటాయన అల్లుడు ప్లేటు పట్టుకుని వచ్చేవాడు.

బాపట్లలో మా అక్క, బావగారు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్ల పని చూసే ఇన్‌స్పెక్టరు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. అక్క ఫంక్షన్ హాలు, క్యాటరింగు అంటుంటే ఆయన ఒప్పుకోలేదు. నాకు ఫోన్ చేశారు.

"బావమరిదీ, నీ డ్రమ్ము ఊరంతా పేరు పడిందంటగా. పట్టుకొచ్చేయ్. మన పెరట్లో పెట్టేద్దాం. మా స్టాఫుని పిలుస్తాను."

ట్రాలీ ఆటో మాట్లాడి డ్రమ్ము, బొగ్గు బస్తాలు, ఊక సంచీ ఎక్కించాం. నేను, మా ఆవిడ, అమ్మ రైల్లో వెళ్లాం. అక్క అప్పటికే ఫ్రిజ్ నిండా చందువా చేపలు, రొయ్యలు, కోడిమాంసం కుక్కి పెట్టింది. టీవీలో తుపాను అంటున్నారు. బావగారు కొట్టిపారేశారు.

"మా సర్వీసులో ఎన్ని చూశాం! ఇది దక్షిణంగా కిందికి పోతుంది. మనకి నాలుగు చినుకులు, అంతే."

అది కిందికి పోలేదు. మర్నాడు పొద్దుటికే ఆకాశం సీసం రంగుకొచ్చింది, గాలి ఈల వేయడం మొదలుపెట్టింది. బావగారికి ఆఫీసు నించి ఫోనొచ్చింది. ఆయన రెయిన్‌కోటు వేసుకుంటూ, "రిటైర్మెంటు ముందర నాకు మంచి పార్టీ ఇచ్చింది తుపాను" అని నవ్వుతూ వెళ్లారు. అక్క నవ్వలేదు. ఆ తరవాత జరిగింది ఆ తీరంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. తలుపులు బిగించుకుని, కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కుకుని, బావగారి ఫోను కలవక, అందరం ఒకే గదిలో కూర్చున్నాం.

గాలి తగ్గాక తలుపు తీస్తే వీధి గుర్తుపట్టలేకపోయాం. మలుపులో నిద్రగన్నేరు చెట్టు అడ్డంగా పడి ఉంది. దాని కింద రెండు కరెంటు స్తంభాలు నడుం విరిగి వంగాయి. మోకాలి లోతు నీళ్లు. కానీ ఇళ్లు నిలిచాయి, మనుషులు క్షేమం. అక్క వాళ్ల ఇల్లు మెరక మీద ఉంది, కారు షెడ్డులో పెట్టిన డ్రమ్ము, బస్తాలు పొడిగా ఉన్నాయి. బావగారు పక్కింటి వాళ్ల ఫోనుకి చేసి, "బాగానే ఉన్నాను, ఇప్పట్లో రాను" అని చెప్పారు. అప్పుడు అక్క ముందు ఏడ్చింది, తరవాత ఫ్రిజ్ తలుపు తీసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇవన్నీ ఏమవుతాయిరా? కరెంటు ఎప్పుడొస్తుందో ఏంటో. గ్యాస్ చూస్తే ఒక్కటే బండ ఉంది, అదీ అడుక్కొచ్చింది."

ఫ్రిజ్‌లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. నేను డ్రమ్ముని షెడ్డు ముందుకి లాగి బొగ్గులు అంటించాను. చల్లదనం వదలనివన్నీ వెంటనే వండేయాలి. మా ఆవిడ, అక్క ఉప్పు, కారం, నిమ్మకాయ పట్టించి అందిస్తుంటే రొయ్యలు పుల్లలకి గుచ్చి నేరుగా నిప్పుల మీద కాల్చాను. కోడిమాంసం చల్లని పక్కకి చేర్చాను. వాసన నీళ్ల మీదుగా వీధంతా పాకినట్టుంది. పక్కింటావిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"వదినగారూ, మా ఫ్రిజ్‌లో కూడా చేపలున్నాయండి. రేపటికి ఉండవు. మీ తమ్ముడుగారు ఏమీ అనుకోకపోతే..."

"తీసుకురండి" అన్నాను.

ఆవిడ తెచ్చింది. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మూలింటివాళ్లు. పండుగప్ప, మాగ చేపలు, పీతలు కూడా వచ్చాయి. వాసన చూసి, మంచు వదిలేసినవి వద్దని చెప్పి పక్కన పెట్టాను. మర్నాటికి ఉంచుకోదగ్గ చేపలకి ఉప్పు దట్టంగా పట్టించి ఊక పొగలో పెట్టాను. నా జీవితంలో నన్ను అంతమంది అంత మర్యాదగా "ఇది అయిందాండీ?" అని అడిగిన రోజు లేదు. వాళ్లంతా తలో పని అందుకున్నారు. ఒకరింటి నించి అన్నం, ఒకరింటి నించి ఆవకాయ వచ్చాయి.

అమ్మ షెడ్డులో, గాలికి ఎదురువైపు కుర్చీ వేసుకుని, ముక్కుకి పైటచెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి చెట్టు అవతల ఒక లారీ ఆగింది. బావగారు దిగారు. గడ్డం మాసి, గొంతు బొంగురుపోయి ఉంది. ఆయన వెనక పదిమంది దాకా కుర్రాళ్లు, తడిసి ముద్దయిన బట్టలతో, భుజాల మీద తాళ్లు, తీగలు. వేరే జిల్లాల నించి స్తంభాలు నిలబెట్టడానికి వచ్చినవాళ్లు. పొద్దున్నించి బ్రెడ్డు ముక్కల మీద ఉన్నారట.

"వీళ్లకి కాసిన్ని మంచినీళ్లు ఇవ్వండి" అన్నారు బావగారు. అప్పుడు డ్రమ్ము వైపు చూసి ఆగిపోయారు. "ఇది ఇప్పుడు కూడా నడుస్తోందా?"

"కరెంటు అక్కర్లేదుగా బావా!"

అమ్మ కుర్చీలోంచి లేచింది. పైటచెంగు ముక్కు మీది నించి తీసి నడుముకి దోపింది. నేరుగా డ్రమ్ము దగ్గరికి వచ్చి, పొగలో నిలబడి, నా చేతిలో పళ్లెం లాక్కుంది.

"నువ్వు కాల్చు. నేను పెడతాను. ఆ పిల్లలు చలికి వణికిపోతున్నారు, కనపడ్డంలా?"

షెడ్డులో వరసగా కూర్చోబెట్టి ఆవిడే వడ్డించింది. వేడి అన్నం, ఆవకాయ, కాల్చిన రొయ్యలు, పొగ పట్టిన చేప. ఒక కుర్రాడు చేప ముక్క వాసన చూసి అడిగాడు.

"పెద్దమ్మగారూ, ఇదేం వాసనండీ? ఎక్కడో తిన్నట్టుంది, గుర్తు రావట్లేదు."

"ఊక పొగ నాయనా."

"మీరే చేశారాండీ?"

"నేను కాదు, మావాడు. ఇదంతా వాడి సొంతం. నాకు పొగ పడదు."

"మీరు తిన్నారాండీ?"

"తర్వాత తింటాలే."

"మీరు తినకపోతే మాకెలా దిగుద్దండీ?" అని ఆ కుర్రాడు పక్కకి జరిగి చోటిచ్చాడు. మిగతావాళ్లు కూడా చేతులాపి చూస్తున్నారు. అమ్మ ఇరుకున పడింది. అందరి ముందూ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నేను పట్టుకారు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నెమ్మదిగా నమిలింది. మింగింది. కళ్లు తుడుచుకుంది, అది పొగకో ఇంకెందుకో నేను అడగలేదు.

"ఉప్పు తక్కువైంది" అంది.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా బావగారు నవ్వారు. అమ్మ మాత్రం నవ్వకుండా ఇంకో ముక్క తీసుకుంది.

కరెంటు రావడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. బొగ్గులు అయిపోతే పడిపోయిన చెట్ల ఎండు కొమ్మలు ఏరి నడిపించాం. బావగారి రిటైర్మెంటు పార్టీ అని వేరే పెట్టలేదు. ఆ కుర్రాళ్లు మా వీధిలో స్తంభాలు నిలబెట్టి వెళ్లే రోజు, అక్క ఒక దండ తెప్పించి ఆయన మెడలో వేస్తే, వాళ్లే చప్పట్లు కొట్టారు. అదే పార్టీ అయింది.

ఇప్పుడు బాపట్లలో కూడా ఒక డ్రమ్ము ఉంది. బావగారు చేయించుకున్నారు, నాదాని కంటే పెద్దది, చక్రాలతో సహా. రిటైరైన మనిషికి పని కావాలి కదా. ఆదివారం పదిన్నరయ్యేసరికి ఫోనొస్తుంది.

"బావమరిదీ, గంటయింది. ఒకసారి మూత తీసి చూడనా?"

"వద్దు బావా. వేడి పోతుంది."

"కొంచెం, సందులోంచి."

"సందులోంచి కూడా వద్దు. కుర్చీలో కూర్చోండి."

"కూర్చున్నానయ్యా. అంత నమ్మకం లేదా నా మీద?"

వెనకనించి అక్క గొంతు ఫోనులోకి దూసుకొస్తుంది.

"తీసేశారురా! నువ్వు మాట్లాడుతుంటేనే తీసేశారు!"